కోరినవారు: కొండబాబు, సుందరి

ఆ వేళ మధ్యాహ్నం ఏసుపాదం మేష్టారు బడినుంచి భోజనానికొచ్చి, ఆనపకాయ పులుసులో రెండో ముద్ద కలుపుకుంటూండగా, గూట్లో ఉన్న రేడియో ఆయన భార్య హన్నమ్మ కొంప ముంచింది.

కోరిన పాటలు వస్తున్నాయి. చదివే అమ్మాయి తొందరేమీ లేకుండా, ఎంతో ముద్దుగా, ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ చదువుకుంటూ పోయి, చివర్న "అల్లవరం నుంచి కొండబాబు, సుందరి" అని చెప్పి పాట పెట్టేసింది.

హన్నమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అల్లవరంలో సుందరి అంటే ఒక్కతే. అది తన కూతురు. ఇంటరు పాసై, అమలాపురం బస్సులో వెళ్ళి టైపు నేర్చుకుంటోంది. కొండబాబు అన్నా ఒక్కడే. సోమేశ్వరరావుగారి అబ్బాయి, అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్లో లారీల ఎగుమతి చూస్తాడు. వాళ్ళది పదెకరాల కొబ్బరితోటా, పెద్ద పెంకుటిల్లూ. వీళ్ళది చర్చి వీధిలో రెండు గదులూ, మేష్టారి జీతమూ. ఆ రెండు పేర్లూ ఊళ్ళో ఏ కాగితం మీదా పక్కపక్కన పడే పేర్లు కావు. అలాంటిది రేడియోలో, మధ్యన ఒక్క కామా తప్ప మరే అడ్డూ లేకుండా, రాష్ట్రమంతా వినేట్టు పడ్డాయి.

ఆవిడ మొగుడి కేసి చూసింది. మేష్టారు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశారు. చెవులు ఎర్రబడ్డాయి. పాపం, కన్నతండ్రి, ఎంత దెబ్బ తగిలిందో అనుకుంది. పాట పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు. పూర్తయ్యాక ముద్ద మింగి, "పులుసు బావుందే" అన్నారు.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన పులుసు బావుందనడం అదే మొదలు. ఉప్పు తక్కువైతే చెప్పేవారు, ఎక్కువైతే చెప్పేవారు, సరిపోతే చెయ్యి కడుక్కుని బడికి పోయేవారు. ఆ పూట హన్నమ్మ కంగారులో అసలు ఉప్పే వెయ్యలేదు. దిగులుతో మనిషికి నాలుక చచ్చిపోయిందని ఆవిడ నిశ్చయించుకుంది. ఇక ఈ సంసారాన్ని ఒడ్డెక్కించాల్సింది తనే.

ఆ కంగారైనా ఎందుకొచ్చిందంటే, ఆ పొద్దున్నే పోస్టుమాను దానం ఒక కవరు తెచ్చిచ్చాడు. సుందరికి రాజమండ్రిలో టీచరు ట్రైనింగు సీటొచ్చింది. ఇరవయ్యొకటో తేదీ సాయంత్రంలోగా వచ్చి చేరాలి, చేరకపోతే ఆ సీటు తర్వాతివారికి పోతుంది. ఆ కాగితం కోసం ఇంటిల్లిపాదీ మూడు నెలలుగా ప్రార్థన చేస్తున్నారు. అమ్మాయి టైపునుంచి రాగానే చూపించి, పిండి కలిపి నాలుగు బూరెలు వండుదామని కవరు బైబిల్లో పెట్టుకుంది హన్నమ్మ. రేడియో విన్నాక మాత్రం దాన్ని బైబిల్లోంచి తీసి, బియ్యం డబ్బాలో అడుక్కంటా దోపేసింది.

ఆవిడ లెక్క ఆవిడకుంది. పిల్ల రాజమండ్రి వెళ్తుంది. హాస్టల్లో అడిగేవాళ్ళుండరు. అంబాజీపేట లారీలన్నీ రాజమండ్రి మీదుగానే పోతాయి. కొండబాబు కొబ్బరికాయల మీద పరదా ఎత్తి పిల్లని ఎక్కించుకుంటాడు. ఆ లారీ ఒరిస్సాలో ఆగుతుందో, బీహారులో ఆగుతుందో. అక్కడ మన మాట కూడా ఎవరికీ తెలీదు.

హన్నమ్మ చదివింది ఐదో తరగతే గానీ, భయపడడంలో పెద్ద చదువే చదివింది. వాన పడితే గోదారి గట్టు తెగిందనుకునేది. తెగకపోతే రేపు తెగుతుందనుకునేది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే కాలవలో పడిందని ఏడుస్తూ వీధిలోకొచ్చేది, అది వస్తే ఎందుకొచ్చిందని డ్రైవరు మీద కసిరేది.

ఆవిడ పుట్టుకతో ఇలాంటిదేమీ కాదు. చిన్నతనంలో అమలాపురం కాఫీ హోటల్లో వేసే రికార్డుల కోసం, సంతకెళ్ళినప్పుడల్లా ఎదురరుగు మీద కాళ్ళు నొప్పంటూ కూర్చునేది. ఆ పాటల్లో ఉన్నదంతా నిజమనుకుంది. చర్చిలో పాడేవి నిజమైనప్పుడు హోటల్లో పాడేవి అబద్ధమెందుకవుతాయి? పెళ్ళయ్యాక అత్తారింటికొస్తూ బోడసకుర్రు రేవులో పడవెక్కింది. గాలి, తెరచాప, కొత్త చీర చెంగు రెపరెపలాడుతోంది. హోటల్లో విన్నవాటిలో సగం పాటలు ఇలాంటి పడవలోనే మొదలవుతాయి. మొగుడు పాట ఎప్పుడు ఎత్తుకుంటాడా అని తల వంచుకుని కూర్చుంది. ఏసుపాదం మేష్టారు పడవంతా ఒకసారి కలయజూసి, మనుషుల్ని లెక్కపెట్టి, మనిషికింత బరువని మనసులో హెచ్చవేసి, బుట్టలూ రెండు మేకలూ కలిపి, "ఈ పడవ ఇంత బరువు మొయ్యకూడదు హన్నా, నడి ఏట్లో ఏవైనా అవ్వచ్చు" అన్నారు. అవతలి ఒడ్డు చేరేసరికి హన్నమ్మకి పాటలు పోయాయి, భయం మిగిలింది.

కానీ పాటలు అబద్ధమని మాత్రం ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. తనకి రాలేదంతే. తనకి రానిది ఇప్పుడు కూతురికొచ్చిందని ఆవిడ గుండె గుబులు.

ఆ శుక్రవారం మళ్ళీ చదివారు. కొండబాబు, సుందరి. ఆ తర్వాత మంగళవారం మళ్ళీ. హన్నమ్మ పాట పాటనీ కోర్టు కాగితంలా వినడం మొదలెట్టింది. వాళ్ళు రాసుకునే ఉత్తరాలే ఈ పాటలని ఆవిడకి తెలిసిపోయింది. రెండో పాటలో ఇద్దరూ వానలో తడుస్తారు. అందుకని మర్నాడు మాడు పగిలే ఎండలో సుందరికి గొడుగిచ్చి బస్సెక్కించింది. మొదట ఆ గొడుగు దాచేద్దామనుకుంది గానీ, దాస్తే తడవడానికి వీలవుతుందని మళ్ళీ తోచింది.

పిల్ల మనసు కనుక్కుందామని, చీరలు మడతపెడుతూ సుందరిని కదిపి చూసింది. "ఆ పాటలో కుర్రాడు నువ్వు రాకపోతే చచ్చిపోతానంటన్నాడు కదే, నిజవేనంటావా?"

సుందరి చీర అంచులు సరిచేసుకుంటూ, "వారం వారం అదే చెప్తన్నాడమ్మా. పోయేవాడైతే పోయిన వారవే పోయేవాడు" అంది.

"మరి ఆ పిల్ల మేడా మిద్దే వద్దు, నీ నీడ చాలంటంది?"

"మధ్యాన్నం పన్నెండింటికి నీడ ఎంతుంటదో నాన్నగారిని అడుగు. ఇద్దరికీ చాలదు."

ఎంత లోతు పిల్లో చూడు, పైకి ఏమీ తేలనివ్వడం లేదని హన్నమ్మ మరీ బెంగపెట్టుకుంది. సుందరి ఆ వెంటనే, ట్రైనింగు సీటు సంగతి ఏమైనా వచ్చిందా అమ్మా అని అడిగింది. ప్రార్థన చెయ్యమంది తల్లి. ఆ రాత్రి ప్రార్థనలో కళ్ళు మూసుకోలేకపోయింది. మూసుకుంటే బియ్యం డబ్బా కనబడుతోంది.

పద్దెనిమిదో తేదీన వచ్చిన పాటతో ఆవిడకి నిలువునా చెమటలు పట్టాయి. అందులో కుర్రాడు తేటతెల్లంగా చెప్పేశాడు. సందెవేళ రేవుకాడికి రా, పడవ కట్టి ఉంచాను, తెల్లారేసరికి మనది వేరే ఊరు. ఇంక దాపరికమేముంది? అల్లవరం చివర కాలవ రేవు ఉంది, కొబ్బరికాయల పడవలు అక్కడే కడతారు. ఆ సాయంత్రమే హన్నమ్మ, స్త్రీల ప్రార్థన కూటం ఉందని చెప్పి, అన్నం వండమని సుందరికి పురమాయించి రేవుకి బయల్దేరింది. మేష్టారు అప్పటికే బడి కమిటీ మీటింగని సైకిలేసుకుని వెళ్ళిపోయారు. ఈ మధ్య ఆ కమిటీకి మీటింగులెక్కువయ్యాయి. ఇంట్లో ఉంటే మనసు మండుతోంది కాబోలు, పాపం అనుకుంది.

రెండు సాయంత్రాలు కొబ్బరి పీచు డొక్కల గుట్ట వెనకాల దోమలతో పోట్లాడుతూ కూర్చుంది. ఎవరూ రాలేదు. అంటే ఇవాళ వస్తారన్నమాట అనుకుంటూ మూడో సాయంత్రం, ఇరవయ్యో తేదీన మళ్ళీ వెళ్ళింది. రేపే ఆ కాగితానికి ఆఖరు. రేపు సాయంత్రం దాటిందంటే సీటు పోతుంది, సీటుతో పాటు రాజమండ్రి భయమూ పోతుంది. ఆ మాట తల్చుకుంటే నిమ్మళంగా ఉండాల్సింది. ఆవిడ మాత్రం రేపు సాయంత్రానికి ఇంకెన్ని గంటలుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.

గుట్ట అవతల ఎవరో దగ్గారు.

"ఎవరండది?" అంది హన్నమ్మ.

"మీరెవరో ముందు చెప్పండి."

గొంతు పోల్చుకుని హన్నమ్మ గుట్ట చుట్టూ తిరిగి వెళ్ళింది. కొండబాబు తల్లి సూర్యావతిగారు తలమీదుగా చెంగు కప్పుకుని, డొక్కల మధ్య ముక్కాలిపీట వేసుక్కూర్చుని ఉంది. ముక్కాలిపీట తెచ్చుకోవాలని తనకి తోచలేదేమా అని హన్నమ్మకి ముందుగా అదే అనిపించింది.

"మేష్టారి ఇంటావిడా," అంది సూర్యావతిగారు. "అమ్మాయిని సాగనంపడానికొచ్చేరా?"

"కాదండి. అబ్బాయిగారిని అడ్డుకుందావని వచ్చేనండి."

"మావాడినా? మావాడికేం తెలుసమ్మా. కంచం పెడితే తింటాడు, చాపేస్తే పడుకుంటాడు. మీ అమ్మాయి ఇంటరు చదివింది, టైపు కొడతంది. ఎవర్ని ఎవరు లేపుకుపోతారో మీరే చెప్పండి."

హన్నమ్మకి ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది. తర్వాత కోపమొచ్చింది. "మా పిల్ల లేపుకుపోదలుచుకుంటే, లేవగలిగే బరువు చూసుకుంటాది లెండి" అంది.

కొండబాబు శరీరం కాస్త పుష్టి. సూర్యావతిగారు పీట మీంచి లేచింది. ఇరవై రెండేళ్ళుగా ఎదురుపడినప్పుడల్లా బాగున్నారా అండీ, ఆయ్ బాగున్నామండీ అనుకున్న ఆడవాళ్ళిద్దరూ ఒకరి పిల్లల పెంపకం ఒకరు మెత్తటి గొంతులతో, అండీలు వదలకుండా, ఏకిపెట్టుకున్నారు. అది ఎందాకా పోయేదో గానీ, గట్టు మీద సైకిలు గంట వినబడి ఇద్దరూ ఒకే పీట వెనకాల కూలబడ్డారు.

వచ్చినవి రెండు సైకిళ్ళు. మొదటిదాని మీంచి దిగింది కొండబాబు కాదు, వాళ్ళ నాన్న సోమేశ్వరరావుగారు. రెండోదాని మీంచి ఏసుపాదం మేష్టారు. మేష్టారి హేండిలుకి గుడ్డసంచీ వేలాడుతోంది. అందులోంచి ఆయన జాగ్రత్తగా ఒక చిన్న ట్రాన్సిస్టరు తీసి, బోర్లించిన పడవ మీద పెట్టారు.

ముందుగా సూర్యావతిగారు తేరుకుని, వీళ్ళు కూడా కాపలాకే వచ్చారని గుసగుసలాడింది. హన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. మొగుడు నోరు విప్పి చెప్పకపోయినా తండ్రి తండ్రే.

ట్రాన్సిస్టరు పాడడం మొదలెట్టింది. సోమేశ్వరరావుగారు పంచె ఎగ్గట్టి పడవ పక్కన చతికిలబడి, దాని అడుగు మీద రెండు చేతులతో దరువేయసాగారు. అప్పుడు హన్నమ్మ ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది జరిగింది. ఏసుపాదం మేష్టారు పాడారు. రేవులో, పడవ దగ్గర, గాలి వేస్తూండగా, కళ్ళు మూసుకుని పాడారు. ఎక్కాలు అప్పజెప్పించే గొంతుతోనే పాడారు. శ్రుతి కాలవకి అవతలి ఒడ్డునుంది, ఆయన ఇవతలి ఒడ్డునున్నారు.

పాటయ్యాక సోమేశ్వరరావుగారు జేబులోంచి పోస్టుకార్డు తీశారు. ఈసారి వేరే పేర్లు పెడదామా అని ఆయన అడుగుతున్నారు. వద్దండీ అంటున్నారు మేష్టారు. "కొండబాబు, సుందరి అంటే చదవడానికి నోటికి హాయిగా ఉంటాదండి. అందుకే మన కార్డులు తీస్తన్నారు. పెట్టిన తొమ్మిదింటిలో నాలుగు చదివేరు, నూటికి నలభై నాలుగు పైచిలుకు. మొన్న మొదటిసారి మన కార్డు చదివినప్పుడు నేను సంతోషం పట్టలేక మా ఆవిడ పులుసు కూడా మెచ్చుకున్నానండి."

హన్నమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలీదు.

సోమేశ్వరరావుగారి చెయ్యి దరువు మధ్యలో ఆగిపోయింది. ఆడవాళ్ళిద్దర్నీ, మధ్యనున్న ముక్కాలిపీటనీ చూసి, "కమిటీ మీటింగండీ" అన్నారు నీరసంగా.

సూర్యావతిగారు తన మొగుణ్ణి ఏమందో ఈ కథకి అనవసరం. అది కాలవ అవతలి ఊరివాళ్ళకి కూడా తెలుసు. హన్నమ్మ మాత్రం నెమ్మదిగా మేష్టారి దగ్గరకొచ్చి, ఆడపిల్ల పేరెందుకు రాశారండీ అని అడిగింది.

"నా పేరు రాస్తే బళ్ళో పిల్లలు వింటారు. నీ పేరు రాస్తే చర్చిలో వింటారు" అన్నారాయన నేల చూపులు చూస్తూ. "సుందరికి పాటలంటే పడదు కదా, ఎవరూ అనుకోర్లే అనుకున్నాను. సోమేశ్వరరావుగారూ అలాగే వాళ్ళవాడి పేరు చెప్పేరు. రెండూ పక్కపక్కన ఉంటే ఏవవుతుందో ఆలోచించలేదు."

హన్నమ్మకి ఇంకో మాట మిగిలింది. అడగాలా వద్దా అనుకుంది. ఆ వయసులో అడిగే మాట కాదు, అయినా చుట్టూ చీకటి పడుతోంది, మొహం కనబడదు.

"ఆ పాటలు ఎవరి కోసం అడిగేరండీ?"

"ఎవరికోసవేవిటి?" అన్నారు మేష్టారు తెల్లబోయి. "ఆ తాళం విన్నావా నువ్వు? ఎనిమిదికి ఎనిమిది, ఎక్కడా శేషం లేకండా ఎంత లెక్కగా ఉంటాదో."

పడవలో మేకల్ని లెక్కపెట్టిన మనిషే. హన్నమ్మ పెద్దగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు పూర్తయ్యేలోగా లెక్కల మాట మీంచి తేదీ గుర్తొచ్చింది, తేదీ మీంచి బియ్యం డబ్బా గుర్తొచ్చింది. ఆవిడ సైకిలు వెనక కేరేజీ ఎక్కి కూర్చుని, తొందరగా పోనివ్వండి అంది.

పెళ్ళినాటినుంచీ ఇద్దరూ ఒక సైకిలెక్కింది లేదు. పక్కన కాలవా, నీళ్ళలో చందమామా, అన్నీ పాటలో ఉన్నట్టే ఉన్నాయి. మేష్టారు రొప్పుతున్నారు. చైను రెండుసార్లు ఊడింది. రెండోసారి ఆయన చైను ఎక్కిస్తూండగా, హన్నమ్మ జరిగిందంతా ఆయన వీపుకి చెప్పేసింది. మేష్టారు మసి చేతులతో అలాగే లేచి నిలబడ్డారు. కోప్పడతారనుకుంది. కోప్పడితే బాగుండుననిపించింది.

"రేపే ఆఖరా?" అన్నారు. అంతే. తర్వాత ఇల్లు చేరేదాకా చైను ఊడలేదు.

సుందరి అన్నం వార్చి పీటల మీద కంచాలు పెట్టింది. హన్నమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. కెలికింది. డబ్బా బోర్లించింది. బియ్యం, రెండు పురుగులు, వేపాకు. కవరు లేదు. ఎలకలు పట్టుకుపోయాయి, సీటు పోయింది, పిల్ల బతుకు పోయిందనుకుని, అక్కడే బియ్యం మధ్య కూలబడి గొంతెత్తి ఏడవబోయింది.

"అమ్మా," అంది గుమ్మంలోంచి సుందరి. "మూడు పూటల్నించీ బియ్యం కొలుస్తున్నది నేనే కదా."

హన్నమ్మ తలెత్తింది. ప్రార్థన కూటమని తను రేవుకి పోయిన మొదటి సాయంత్రమే కవరు పిల్ల చేతికి దొరికింది.

"మరి అడగలేదేవే?"

"నువ్వే ఇస్తావేమోనని చూసేను. ఇవాళ కూడా ఇవ్వకపోతే రేపు మొదటి బస్సుకి వెళ్ళిపోదావనుకున్నాను." సుందరి మంచం కింద చూపించింది. ట్రంకుపెట్టె సర్ది, తాడు కట్టి ఉంది. "టైపు మేష్టారి దగ్గర సర్టిఫికెట్లకి నకళ్ళు కూడా కొట్టించుకున్నాను. నాన్నగారికి ఉత్తరం రాసి బైబిల్లో పెట్టేను."

హన్నమ్మ బియ్యం మధ్యనుంచి లేచింది. "అయితే చెప్పకుండా పోదావనే అనుకున్నావన్నమాట."

"ఆయ్," అంది సుందరి. "ఒక్కదాన్నే."

పది పన్నెండు రోజులనుంచి లారీ కింద, పడవ కింద, వాన కింద వెతికిన లేచిపోవడం ఇంట్లో మంచం కింద తాడు కట్టుకుని కూర్చుందని హన్నమ్మకి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిపి వెక్కిళ్ళొచ్చాయి. మేష్టారు మంచినీళ్ళిచ్చారు. ఎందుకు దాచావమ్మా అని పిల్ల అడగలేదు. రేడియో విని భయపడ్డానే అని తల్లే చెప్పింది. సుందరి బియ్యం ఎత్తుతూ, కొండబాబు పేరు వినగానే మొదటిసారిగా నవ్వి, ఆ అబ్బాయి బస్సులో అమలాపురం వచ్చేలోపల రెండుసార్లు నిద్దరపోతాడమ్మా, లేపి దింపేది కండక్టరే అని చెప్పింది.

తెల్లవారి మొదటి బస్సుకి తండ్రీ కూతురూ బయల్దేరారు. హన్నమ్మ గొడుగూ, బూరెల డబ్బా ఇచ్చి, రావులపాలెం వంతెన మీద బస్సులో కూర్చోవద్దని, దిగి నడవమని మరీ మరీ చెప్పింది. ఆ సాయంత్రం మేష్టారు ఒక్కరే వచ్చారు. వేళకే చేర్చుకున్నారని చెప్పారు. వంతెన మాట ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. పిల్ల పేరు ఇంకెప్పుడూ కార్డు మీద రాయకండని మాత్రం ఒట్టు వేయించుకుంది.

మూడు వారాలు పోయాక ఒక మధ్యాహ్నం మేష్టారు కంచం ముందు కూర్చున్నారు. దానం గుమ్మంలో నిలబడి సుందరి ఉత్తరం అందిస్తున్నాడు. అమ్మాయి కులాసాగా ఉన్నానని, హాస్టల్లో రేడియో గోల భరించలేకపోతున్నానని రాసింది. హన్నమ్మ అదే చదువుకుంటూండగా రేడియోలో ఆ ముద్దుగొంతు ఊళ్ళ పేర్లు చదువుకుంటూ వచ్చింది.

"అల్లవరం నుంచి కొండబాబు, హన్నా."

మొదట తన పేరే వినబడింది ఆవిడకి. ఒక్క ఊపిరి సేపు, బోడసకుర్రు పడవలోలాగ చెంగు రెపరెపలాడినట్టయింది. ఆ ఊపిరి వదిలేసరికి ముందున్న పేరు కూడా వినబడింది. దానం ఉత్తరాల సంచీ భుజానికి తగిలించుకుని, ఏమీ విననట్టు, ఆకాశం కేసి చూస్తూ గబగబా వెళ్ళిపోయాడు. పక్కింట్లో రేడియో టక్కున ఆగింది.

"పిల్ల పేరు రాయొద్దన్నావు కదా," అన్నారు మేష్టారు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఒక ముద్ద తిని, "పులుసు బావుందే" అన్నారు.

హన్నమ్మ ఉప్పు డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టి, చెంగు బొడ్లో దోపుకుని, సూర్యావతిగారింటికి బయల్దేరింది. ఆవిడే ముందుగా వస్తే ముక్కాలిపీట తెచ్చుకుని మరీ కూర్చుంటుంది.